ఆయిల్ పోసిన చెయ్యి

పచ్చదీపం పడింది. ముందున్న బండ్లన్నీ కదిలిపోయాయి. ఆమె కూడా బ్రేకు మీది కాలు తీసి ఆక్సిలరేటర్ నొక్కింది. ఇంజన్ గొంతు చించుకుని అరిచింది గానీ, బండి మాత్రం అలిగిన అల్లుడిలా ఉన్నచోటి నుంచి కదల్లేదు.

గేర్ లివర్ వంక చూసుకుంది. ముందుకు నడిపే ‘డి’ దగ్గరే ఉంది. ‘ఎన్’లోకి లాగి మళ్ళీ ‘డి’లోకి వేసింది. ఊహూఁ. వెనక ఒక హారన్ మోగింది, దాన్ని చూసి ఇంకోటి, ఆ తరవాత వీధి వీధంతా మోగింది. పక్క సీట్లో ఐసు పెట్టె ఉంది. అందులో తెల్లవారినప్పటి నుంచి ఇల్లిల్లూ తిరిగి తీసిన రక్తం సీసాలు. ఆమె ఉద్యోగం అదే. పరగడుపున రక్తం ఇచ్చేస్తే ఇంత తినొచ్చని కాచుకు కూర్చునే ముసలీ ముతకా ఇళ్ళకు వెళ్ళి, సూది గుచ్చి, సీసాలు తెచ్చి లాబ్‌లో ఇచ్చి, కూతురి బడి వేళకల్లా బండిని ఇంటికి చేర్చాలి. పిల్లను బడికి తీసుకెళ్ళేది మామగారు.

మరోసారి నొక్కింది. ఈసారి వెనక నుంచి ఎవరో తన్నినట్టు బండి ఒక్క ఉదుటున ముందుకు దూకింది. సరిగ్గా అప్పుడే ఒక పెద్దమనిషి చేతిలో పాల పాకెట్లతో రోడ్డు దాటుతున్నాడు. రెండు కాళ్ళూ కలిపి బ్రేకు మీద వేసింది. ఆగింది. ఆయన మోకాళ్ళకూ బంపర్‌కూ మధ్య జానెడు సందు.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పాకెట్లు గుండెలకు హత్తుకుని, నోరు తెరిచి, అలాగే చూస్తూ నిలబడిపోయాడు. ఆమె అద్దం ఇవతల నుంచి అలాగే చూస్తూ ఉండిపోయింది. చివరికి ఆయనే తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి చెబితే మామగారు వాకిట్లో నిలబడి అంతా విన్నారు. విని, “రెండు కాళ్ళూ వాడావా?” అన్నారు.

“ఆపడానికి వేశాను మామయ్యా.”

“ఇవాళ సంగతి కాదమ్మాయ్. రోజూ వాడతావు. ఎడమకాలు ఊరికే బ్రేకు మీద ఆనించి ఉంచుతావు. ఒక కాలు పదమంటుంది, ఇంకో కాలు వద్దంటుంది. ఆ గేర్‌బాక్సు ఎవరి మాట వినాలి చెప్పు? మా వాడిలా మధ్యన పడి నలిగిపోదూ?”

మా వాడంటే ఆమె భర్త. గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నవాడు కాస్తా నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

మామగారిని ఊరంతా మాస్టారు అంటారు. పలకా బలపం పట్టించిన మాస్టారు కాదు, స్టీరింగు పట్టించిన మాస్టారు. డ్రైవింగ్ స్కూల్లో ఆయన పక్కన కూర్చుని బండి నేర్చుకున్నవాళ్ళు వీధికి నలుగురు దొరుకుతారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో కోడలికి నేర్పిందీ ఆయనే. “వంట ఎవరైనా చేసిపెడతారు, బండి ఎవరూ నడిపిపెట్టరు” అని అత్తగారు వింటుండగానే అన్నారు. అత్తగారు అప్పుడున్నారు. ఆవిడ పోయాక, ఆయన ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. క్లచ్ తొక్కడం కష్టమని ఎవరో వాడిన ఈ ఆటోమేటిక్ బండి కొన్నారు. కొన్నప్పుడే అది పాతది. ఇప్పుడైతే పాతవాటికి అమ్మమ్మ. అయినా రోడ్డు మీద ఎప్పుడూ పరువు తియ్యలేదు. కారణం మాస్టారు. వారానికోసారి బానెట్ ఎత్తి ఆయిల్ చూసేది, నీళ్ళు పోసేది, గుడ్డతో మూలమూలలా తుడిచేది ఆయనే. మరొకరిని చెయ్యి పెట్టనివ్వరు. ఆ ఇంట్లో కూర నుంచి కరెంటు దాకా అన్నిటికీ వాదనలుంటాయి గానీ, బండి విషయంలో మాస్టారు చెప్పిందే వేదం.

గేర్‌బాక్సు పనిలో పేరున్న మెకానిక్ దగ్గరికి భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. అతనూ మాస్టారి శిష్యుడే. బండిని పైకి ఎత్తి, కింద తొట్టి పెట్టి, మర విప్పాడు. ఆయిల్ దిగుతుంటే వంగి చూశాడు. వేలితో తీసి రెండు వేళ్ళ మధ్య రుద్దాడు. వాసన చూశాడు. లేచి నిలబడి, “ఇది ఎవరు పోశారమ్మా?” అన్నాడు.

“ఏది?”

“గేర్‌బాక్సులో పోసే ఆయిల్ ఎర్రగా, పల్చగా షర్బత్‌లా ఉంటుంది. ఇది చూడండి, ముదురు పాకంలా ఉంది. ఇంజన్ ఆయిల్ కలిసింది ఇందులో. ఏదో ఒకసారి పొరపాటున పడింది కాదు, ఎవరో పోస్తూ వచ్చారు. నిండి పొంగిపోతోంది. ఇంజన్ చూస్తేనేమో అడుగంటింది.”

“అంటే?” అన్నాడు భర్త.

“దానికి పోయాల్సింది దీనికి పోశారన్నా. ఈ పాత మోడల్‌కి ఆయిల్ చూసే పుల్లలు రెండుంటాయి. పసుపు పిడిది ఇంజన్‌ది, ఎర్ర పిడిది గేర్‌బాక్సుది. తెలియనివాళ్ళు పొరబడతారు. కానీ మాస్టారింట్లో ఇలా జరగడమేంటో నాకర్థం కావట్లేదు. నేను నేర్చుకునేటప్పుడు బానెట్ మీద చెయ్యి వేయాలంటే ముందు పాఠం అప్పజెప్పాలి ఆయనకి.”

మాట్లాడటం ఆపి అతను ఆమె వంక చూశాడు. భర్త కూడా చూశాడు.

“బంకులో ఎప్పుడైనా పోయించావా?”

“లేదండీ. నేను బానెట్ ఎత్తనే ఎత్తను.”

“బాగా గుర్తు తెచ్చుకో.”

“ఎత్తనిదాన్ని ఏం గుర్తు తెచ్చుకోమంటారు?”

“మరి ఎవరు పోస్తారు? నాన్నా?” అని నవ్వాడతను.

మెకానిక్ కూడా నవ్వాడు. ఆ మాట అంత నవ్వొచ్చేదిగా ఉంది మరి. చేప నీళ్ళలో మునిగి చచ్చిందన్నట్టు. ఆమె కూడా నవ్వింది. నవ్వాక గానీ, తన మీద పడ్డ నేరానికి తనే సాక్షి సంతకం పెట్టినట్టయిందని తెలియలేదు.

ఆయిల్ అంతా తీసి, కడిగి, కొత్తది నింపి పంపాడు మెకానిక్. గేర్‌బాక్సు బతికింది గానీ ఇంకోసారి ఇలా జరిగితే తన చేతుల్లో ఉండదన్నాడు. భోజనాల దగ్గర భర్త తీర్పు చెప్పేశాడు.

“కొన్నాళ్ళు బండి నువ్వు తియ్యకు. పొద్దున్నే నీ ఇళ్ళకి కూడా నాన్నే తీసుకెళ్తారు.”

“నా ఉద్యోగానికి మామయ్యని తెల్లారగట్ల లేపమంటారా?”

“ఆయన ఎలాగూ లేచే ఉంటారు.”

“అసలు నేనేం చేశానని?”

“ఏం చేశావో నాకు తెలీదు. ఆ పాలాయనకి ఏమన్నా అయ్యుంటే నువ్వేం చెప్పేదానివో ఆలోచించు.”

రోజూ నిద్రలో ఆ మోకాళ్ళే కనబడుతున్నాయి. అన్నం కలుపుతూ కూర్చుంది. బల్ల మీదున్న తాళం మాస్టారు తీసి చొక్కా జేబులో వేసుకున్నారు.

“నాలుగు రోజులు పక్కన కూర్చుని చూడమ్మాయ్. మర్చిపోయిందేదైనా ఉంటే గుర్తొస్తుంది” అన్నారు, మెత్తగానే.

మర్నాటి నుంచి పెట్టె ఒళ్ళో పెట్టుకుని పక్క సీట్లో కూర్చునేది. ఆయన నడుపుతుంటే వంక పెట్టడానికి లేదు. స్టీరింగు మీద ఆ చేతులు నిద్రపోతున్న పసిపిల్లను పట్టుకున్నట్టుండేవి. గతుకు వస్తోందని బండికి ముందే చెప్పినట్టు నెమ్మదయ్యేది. ఆమెకు కిట్టనిది ఒక్కటే. బండి ఎక్కగానే ఆయన పాఠం మొదలుపెట్టేవారు.

“ఊఁ, చెప్పు. ముందుకెళ్ళాలంటే ఏ అక్షరం?”

“డి, మామయ్యా.”

“వెనక్కి?”

“ఆర్.”

“శభాష్” అని అప్పుడు లివర్ వేసేవారు.

రోజూ ఇదే. ప్రతి ఇంటి ముందూ ఇదే. ఆమెకు ఒళ్ళు మండిపోయేది. ఇన్నేళ్ళుగా నడుపుతున్నదాన్ని పట్టుకుని, రోగుల ఇళ్ళ ముందు అఆలు దిద్దించడమేమిటి? రోడ్డెక్కితే, “ఇప్పుడెటు?” అనేవారు. రోగుల ఇళ్ళు ఆయనకు కొత్త, కాబట్టి చెప్పేది. ఆఖరున లాబ్‌కు వెళ్ళేటప్పుడు కూడా, “ఇప్పుడెటు?” అనేవారు. లాబ్ ఇంటి వెనక వీధిలో ఉంది. అదీ పాఠంలో భాగమే కాబోలనుకుని పళ్ళు బిగించి, “ఎడమకి మామయ్యా” అనేది.

వారం తిరిగింది. ఆ పొద్దున బండి మళ్ళీ తేడా చేసింది. లివర్ వేశాక గుటక మింగినంతసేపు ఆగి అప్పుడు కదిలింది. ఈ వారమంతా తను స్టీరింగు ముట్టుకోనేలేదు. మరి ఇప్పుడు ఎవరి కాలు, ఎవరి చెయ్యి? పక్కకు తిరిగి చూసింది. మామగారి మొహం మామూలుగా ఉంది.

ఇంటికి చేరి వంటింట్లో చేతులు కడుక్కుంటోంది. పిల్ల ముందు గదిలో పాలు తాగనని మొరాయిస్తోంది. కిటికీలోంచి వాకిలి కనబడుతుంది. బానెట్ ఎత్తి ఉంది. మాస్టారు చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, గుడ్డను నాలుగు మడతలు చేసి పట్టుకున్నారు. పుల్ల పైకి లాగారు. తుడిచారు. మళ్ళీ ముంచి, తీసి, వెలుతురుకు ఎత్తి చూశారు. నాలుక చప్పరించారు. కాళ్ళ దగ్గర అప్పటికే సగమైపోయిన ఇంజన్ ఆయిల్ డబ్బా మూత తిప్పి, గరాటు పెట్టి, పోయడం మొదలుపెట్టారు.

గరాటు పట్టుకున్న చేతిలోంచి వేలాడుతున్న పుల్ల పిడి ఎర్రగా ఉంది.

కొళాయి పారుతూనే ఉంది. ఆమె చేతులు నీళ్ళ కింద అలాగే ఉండిపోయాయి. కళ్ళు చూస్తున్నదాన్ని బుర్ర ఒప్పుకోవడంలేదు. ఒక్క చుక్క బయట పడటంలేదు. ఎంత నిదానంగా, ఎంత పొందికగా పోస్తున్నారో. మందు తాగనంటున్న పిల్లకు బుజ్జగించి పట్టినట్టు పోస్తున్నారు. ఆ బండిని ఆయన తన చేతులతో తనే చంపుకుంటున్నారు.

తడిచేతులతోనే పరిగెత్తింది.

“మామయ్యా, ఆగండి.”

“ఆయిల్ తగ్గిందమ్మాయ్. ఒక్క క్షణం” అన్నారు, తల తిప్పకుండా.

“అది ఇంజన్‌ది కాదు మామయ్యా. గేర్‌బాక్సుది.”

అప్పుడు తిరిగారు. క్లచ్ వదిలేసి బండి ఆపేసుకున్న శిష్యుణ్ణి చూసే చూపు అది. “ఎవరికి చెబుతున్నావ్?”

“మీ శిష్యుడు మెకానిక్కే చెప్పాడు మామయ్యా. ఎర్రది గేర్‌బాక్సుదని.”

“ఎర్రదేంటి?” అన్నారు. చేతిలో పుల్లను చూసుకున్నారు. పిడి మీది రంగు అప్పుడే ఎవరో పూసినట్టు చూశారు.

“ఇంజన్‌ది ఏది మామయ్యా? చూపించండి.”

పరీక్ష పెట్టాలని అనలేదు. నోరు జారి వచ్చేసింది. ఆయన చెయ్యి లేచింది. బ్యాటరీ మీదుగా వెళ్ళింది, బెల్టు దగ్గర ఆగింది, గాలి ఫిల్టర్ మూత తడిమింది. మళ్ళీ కుడిపక్కకు వచ్చి, అద్దం కడిగే నీళ్ళ సీసా మీద ఆగిపోయింది.

“ఇక్కడే ఉండేది” అన్నారు.

కుడిపక్కన పుల్ల ఉండేది డ్రైవింగ్ స్కూలు బండికి. ఆమె నేర్చుకున్నది దాని మీదే. దానికి ఒక్కటే పుల్ల, కుడిపక్కనే. ఆ బండి పాత ఇనుప సామానుకు వెళ్ళిపోయి ఎంత కాలమో అయింది.

“ఇక్కడే కదూ?” అని ఆమెనే అడిగారు.

ఇన్ని రోజులుగా మోస్తున్న నింద ఆ క్షణంలో నెత్తి మీంచి దిగిపోయింది. సంతోషం వెయ్యాలి. వెయ్యలేదు. తన ఇల్లే అనుకుని లోపలికి వచ్చేసి, తీరా చూస్తే ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఇంట్లో నిలబడ్డ మనిషిలా ఆయన ఆ ఇంజన్‌ను చూస్తున్నారు.

“తాతయ్యా, టైమవుతోంది” అంటూ కూతురు చిట్టి, భుజాన బడి సంచీ తగిలించుకుని వచ్చింది.

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. బానెట్ దించారు. జేబు తడుముకుని, “పద పద” అన్నారు, ఏమీ జరగనట్టే.

“ఇవాళ నేను తీసుకెళ్తాను మామయ్యా.”

“మా వాడు నిన్ను తియ్యొద్దన్నాడు కదా.”

“ఆయనకి నేను చెప్పుకుంటాను. తాళం ఇవ్వండి.”

మామగారి ముందు అలా చెయ్యి చాపడం ఆమెకు అదే మొదటిసారి. ఆయన ఆ చేతిని చూశారు, పిల్లను చూశారు, తాళం తీసి ఇచ్చారు. “నేనూ వస్తా” అని ముందు సీట్లో కూర్చున్నారు.

వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి వెనక సీట్లోంచి చిట్టి, “కుడికి” అంది.

“తెలుసులే.”

“తెలిసినా నేను చెప్పాలమ్మా. నేను చెప్పాకే తిప్పాలి. అది రూలు.”

“ఎవరు పెట్టారు రూలు?”

“తాతయ్య. నేను టీచర్ని, తాతయ్య స్టూడెంటు. తాతయ్య అడుగుతాడు, నేను చెబుతాను. ఎటు తిప్పాలి, ఎక్కడ ఆపాలి, ముందుకి ఏ అక్షరం, వెనక్కి ఏ అక్షరం. అన్నీ నేనే. తాతయ్యకి ఇంకా సరిగ్గా రాదు, మార్కులు వెయ్యట్లేదు నేను.”

ఆమె స్టీరింగును గట్టిగా పట్టుకుంది.

“రోజూనా?”

“రోజూ. ఒకసారి తమాషాకి ముందుకి ఆర్ అని చెప్పా. తాతయ్య వేసేశాడు.” పిల్ల కిలకిలా నవ్వింది. “బండి వెనక్కెళ్ళి బడి గోడకి డామ్మని తగిలింది. కొంచెమేలే. గేటు దగ్గరున్న పెద్ద క్లాసు అక్క గెంతేసింది. టీచర్లు స్టూడెంట్ల మీద చాడీలు చెప్పకూడదన్నాడు తాతయ్య. అందుకే నీకు చెప్పలేదు.”

బండిని రోడ్డు పక్కకు తీసి ఆపేసింది. ఆపానని కూడా ఆమెకు తెలియదు. ముందుకెళ్ళాలంటే ఏ అక్షరం? ప్రతి ఇంటి ముందూ, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, పళ్ళు కొరుక్కుంటూ తను చెప్పిన జవాబు. దెప్పుతున్నారనుకుంది. ఆయన దెప్పలేదు. అడిగారు. నిజంగానే అడిగారు. వారం రోజులు తను చెబితే ఆయన నడిపారు. అంతకుముందు ఎన్నో రోజులు ఈ పిల్ల, పాలు తాగనని మారాం చేసే ఈ పిల్ల చెబితే నడిపారు.

పక్కకు చూసింది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి.

“అమ్మా, ఆగిపోయావేంటి? డి” అంది చిట్టి.

పిల్లను బడి దగ్గర దింపారు. గేటు మూసేశారు. గోడ మీద అడుగున ఒకచోట సున్నం ఊడి ఉంది. ఆమె దాన్ని చూడటం ఆయన చూశారు.

“ఎన్నాళ్ళుగా మామయ్యా?”

“చలికాలం ముందు నుంచనుకుంటా.” లివర్ వైపు చూపించారు. “అక్షరాలు కనబడతాయి. ఏది దేనికన్నది ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి పలక తుడిచేసినట్టుంటుంది. స్టీరింగు పట్టుకుంటే చేతులు వాటంతటవే పోతాయి. చేతులకి తెలుసు కదా, చాల్లే అనుకున్నా.”

“చిన్నపిల్ల మామయ్యా అది.”

“తెలుసు.”

“తెలిసీ ఎక్కించుకున్నారా?”

ఆయన తన చేతుల వంక చూసుకున్నారు. ఆమె ఆగలేకపోయింది. “గేర్‌బాక్సు నావల్లే పోయిందని అందరూ అంటుంటే మీరు విన్నారు. ఒక్క మాట అనలేదు.”

“నీవల్లే అనుకున్నానమ్మాయ్” అన్నారు ఆయన, ఆమె వైపు తిరిగి. “ఒట్టు. నీ ఎడమకాలే అనుకున్నా. నేను పోశానని నాకు ఇవాళ్టిదాకా తెలీదు.”

అబద్ధమాడి తప్పించుకున్నారంటే కోపం తెచ్చుకోవడానికి ఒక దారి ఉండేది. ఆ దారీ మూసుకుపోయింది. ఆమె బండి తిప్పింది. దారిలో ఆయన ఒక్కటే మాటన్నారు. “మా వాడికి నేను చెబుతా. నువ్వు చెబితే నమ్మడు, పైగా నీ మీదే ఎగురుతాడు.”

సాయంత్రం అన్నంత పనీ చేశారు. భర్త ఫలహారం ముందు కూర్చోగానే ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయిల్ సంగతి చెప్పారు. అతను తేలిగ్గా తీసేశాడు.

“వయసన్నాక మతిమరుపు ఉండదా నాన్నా. నేను నిన్న గొడుగు ఆఫీసులో వదిలేసి రాలేదూ? మెకానిక్‌కి ఫోన్ చేస్తాలే, మళ్ళీ కడుగుతాడు.”

“గొడుగు కాదురా.”

“పోనీ ఏదైతేనేం. నువ్వు కంగారుపడకుండా ఒక పూట—”

“ఒరేయ్. నీ కూతురు చెబితే గేర్లు వేస్తున్నాన్రా నేను.”

అతని చెయ్యి పళ్ళెం మీదే ఆగిపోయింది. భార్య వైపు చూశాడు, ఇది తమాషా అని ఎవరైనా చెబుతారేమోనన్నట్టు. ఆమె కళ్ళు దించుకుంది. మాస్టారు మిగిలిందంతా చెప్పారు. బడి గోడ, చాడీలు చెప్పకూడదన్న ఒప్పందం, ఏదీ దాచలేదు. శిష్యుడి తప్పులు వాళ్ళ నాన్నకు చెబుతున్నట్టు, వరసగా, నిదానంగా చెప్పారు. అతను లేచి వాకిట్లోకి వెళ్ళాడు. బండి వెనక బంపర్ దగ్గర గొంతుక్కూర్చుని సొట్టను వేలితో తడుముతూ ఉండిపోయాడు. ఆ సొట్ట గురించి కూడా భార్యను కసిరినవాడే. ఎంతకీ లోపలికి రాలేదు. వచ్చాక, ఆమెకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. అడగలేదు ఆమె. తీసుకుని తాగింది.

“రేపు డాక్టర్ దగ్గరికి వెళ్దాం నాన్నా.”

“వెళ్దాం. తాళం కోడలి దగ్గరే ఉంటుంది. ఇక నేను పట్టుకోను” అన్నారు మాస్టారు. మాట తొణకలేదు. ఆయన మాట ఇచ్చారంటే ఇచ్చినట్టే, ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అంత పెద్ద గండం అంత తేలిగ్గా గట్టెక్కిందా అని ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. తాళం సంచిలో వేసుకుని జిప్పు లాక్కుంది.

మర్నాడు ఇళ్ళన్నీ ఒక్కతే తిరిగింది. బండి ప్రతిసారీ గుటక మింగి కదులుతోంది. మధ్యాహ్నం దాన్ని మెకానిక్ దగ్గరికి, సాయంత్రం మాస్టార్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇంటి ముందు ఆపేసరికి మాస్టారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, మనవరాలి సంచీ తన భుజానికి తగిలించుకుని ఉన్నారు. పక్కన చిట్టి గేటు పట్టుకుని ఊగుతోంది.

“ఆలస్యం చేశావేంటమ్మాయ్?” అన్నారు, నవ్వుతూ చెయ్యి చాపి. “తాళం ఇటివ్వు. బడికి టైమవుతోంది.”

హాస్యమాడుతున్నారనుకుంది. నవ్వబోయి ఆయన మొహంలోకి చూసింది. హాస్యం లేదు. నిన్నటి గరాటు లేదు, బడి గోడ లేదు, కొడుకు ముందు కూర్చుని చెప్పిన మాటలు లేవు. ఉతికిన చొక్కా అంత తేటగా ఉంది ఆ మొహం. నిన్న జరిగింది ఒక్కసారి జరిగి అయిపోయే పని కాదు. ఈ చెయ్యి రేపూ ఇలాగే చాచుకుని ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది.

“ఇవాళ నేను తీసుకెళ్తాను మామయ్యా.”

“అదేంటి? ఎందుకు?”

చెప్పొచ్చు. మొదటి నుంచి చెప్పొచ్చు. ఆ చెవులు మళ్ళీ ఎర్రబడతాయి. చిట్టి ఊగడం మానేసి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

“మీరే చెప్పారు కదా, నన్ను నడపమని” అంది.

“నేనా? ఎప్పుడు?”

“రాత్రి. ఆయన కూడా విన్నారు.”

ఆయన ఆలోచించారు. కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. ఎంత వెతికినా దొరకలేదు కాబోలు, ఆ సంగతి కోడలికి తెలియనివ్వకూడదనుకున్నారు కాబోలు, తల పంకించి సంచీ భుజం మీంచి తీసి మనవరాలికి ఇచ్చారు.

“అవునవును. సరే, ఇవాళ్టికి నువ్వు తీసుకెళ్ళు.”

తాళం ఆమె పిడికిట్లో ఒత్తుకుంటోంది. “సరే మామయ్యా. ఇవాళ్టికి” అంది.